ఎడమచేతి సంతకం

“రానంటే రాను. ఇంక నన్ను సతాయించకు” అన్నాడు లింగమూర్తి మూడోసారి.

అనసూర్య గడప మీద నుంచి కదల్లేదు. పొద్దు వాలకముందే మగ్గం దిగి, ముఖం కడుక్కుని, పెళ్లిళ్లకు మాత్రమే కట్టే నీలం చీర కట్టుకుంది. పక్కింటికి టీవీ చూడబోయే మనిషిలా లేదు. ఎవరిదో పెళ్లికి పోతున్నట్టే ఉంది.

“ఏడేండ్ల సంది ఈ దినం కోసం చూసి చూసి కండ్లు కాయలు కాసినయి. ఆ సారంగపాణిగాన్ని మా తమ్ముడు టీవీల నిలదీస్తాంటే చూడనని ఎట్లంటవు? నీ చేతులు కాల్చినోడు వాడు!”

“కాల్చింది మసిలే రంగు నీళ్లు.”

“ఆ గంగాళం దానంతట అదే ఒరిగిందా?”

లింగమూర్తి రాట్నం ముందు కూర్చుని ఎడమచేత్తో నూలు కండె చుడుతున్నాడు. కుడిచెయ్యి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, గుప్పిట విప్పడం మరిచినట్టు ఒళ్లో పడి ఉంది. ఒకప్పుడు ఆ చెయ్యి మగ్గం మీద పోగులు బిగించే పంజా పట్టి దెబ్బ వేస్తే మూడిళ్ల అవతలికి వినబడేది.

కూతురు విమల గోడకు ఆనుకుని నిలబడింది. టైపు పరీక్ష పాసై, నెల కిందటే జంపఖానాల సొసైటీ ఆఫీసులో కొలువుకు చేరింది. ఇంకా ఆఫీసు చీరలోనే ఉంది.

“నువ్వు గుడ రావా?” అంది తల్లి.

“నేను రాను. అక్కడ కూసుంటే ఎవలు నవ్విండ్రు, ఎవలు చప్పట్లు కొట్టిండ్రు అని రేపు ఆఫీసుల నన్నే అడుగుతరు.”

“అడిగితే చెప్పు. మా అమ్మ ఒక్కతే గట్టిగ నవ్విందని చెప్పు.”

తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఏమిటో ఆలోచించే తీరిక అనసూర్యకు ఆ క్షణాన లేదు. కొంగు బిగించి బయటికి నడిచింది.

సొసైటీ ప్రెసిడెంటు ఎన్నిక ఎల్లుండి. ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో కొత్తవాడ జంపఖానాలకు పేరొచ్చాక, నేతగాళ్లు తమ అధ్యక్షుణ్ణి ఎట్లా ఎన్నుకుంటారో చూపిస్తామని హైదరాబాదు టీవీ వాళ్లు ముచ్చట పడ్డారు. పోటీలో ఉన్న ఇద్దరినీ పిలిపించుకుని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేసుకున్నారు. అది ఈ సాయంత్రం చూపిస్తారు. ఒకడు ఇప్పటి ప్రెసిడెంటు సారంగపాణి. రెండోవాడు వెంకట్రాజం, అనసూర్య చిన్నమ్మ కొడుకు.

పక్కింటి బుచ్చిరాములు వసారా అప్పటికే కిటకిటలాడుతోంది. వాడకట్టు సగం అక్కడే ఉంది. డాబా మీద బుచ్చిరాములు ఏంటెనా తిప్పుతూ “వచ్చిందా?” అని కేకేస్తుంటే, కింద అతని భార్య మల్లవ్వ “గీతలొస్తానయ్, ఇంకింత తిప్పు” అని అరుస్తోంది.

అనసూర్యను చూసి ఆడవాళ్లు జరిగి ముందు వరసలో చోటిచ్చారు. ఆ చోటు ఎందుకిచ్చారో అందరికీ తెలుసు.

గీతలు పోయి బొమ్మ నిలబడింది. తెల్లచీర కట్టిన ఒకామె చేతులు జోడించి, అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న ఇద్దరు అభ్యర్థులను పరిచయం చేసింది. సారంగపాణి భుజాన శాలువా. వెంకట్రాజం కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు.

“నేను అధ్యక్షుడిగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి...” అని సారంగపాణి మొదలుపెట్టగానే వసారా అంతా గొల్లుమంది.

“ఇంట్ల గుడ గిట్లనే మాట్లాడుతడా?” అని ఎవరో అన్నారు.

అనసూర్య నవ్వలేదు. ఆమె అతని మాటలు వినడం లేదు, మనిషిని చూస్తోంది. మెడ కింద ముడతను, మాటకు ముందు నాలుకతో పెదవి తడుపుకోవడాన్ని చూస్తోంది. ప్రమాదం మీద విచారణ జరిగిన నాడు కూడా వాడు ఇట్లాగే పెదవి తడుపుకుని, అబద్ధం చెప్పాడు. అప్పుడు వాడు సొసైటీ సెక్రటరీ. “లింగమూర్తి తాగి పనిలోకి వచ్చాడు. గంగాళం కింది స్టాండు బాగానే ఉన్నది” అని రాసిచ్చాడు. మత్తులో పనిచేశాడని సభ్యుల పట్టీలోంచి లింగమూర్తి పేరు కొట్టేశారు. చేతులకు కట్లతో దవాఖానలో పడుకున్న మనిషికి తాగుబోతు లింగడని పేరొచ్చింది. మరుసటేడే సారంగపాణి ప్రెసిడెంటయ్యాడు.

అప్పటి నుంచి అనసూర్య భర్త మగ్గం మీద తానే కూర్చుంది. రెండేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగి, తన పేరు మీద సభ్యత్వం తెచ్చుకుంది. పోయినసారి ఎన్నికలో సారంగపాణికి పోటీగా ఎవరూ నిలబడలేదు. ఆమె మొదటి ఓటు ఎల్లుండిదే.

టీవీలో తెల్లచీర ఆమె వెంకట్రాజం వైపు తిరిగింది.

“మీరు వారిని ఏదైనా ప్రశ్న అడుగుతారా?”

“అడుగుత. ఏడేండ్ల కింద రంగుల షెడ్డుల గంగాళం ఒరిగింది. మా బావ లింగమూర్తి రెండు చేతులు కాలినయి. ఆ గంగాళం కింద స్టాండుకు ఒక కాలు ఇరిగిపోయి నెలరోజులాయె. దానికింద ఇటుకలు పెట్టి నడిపించిండ్రు. ఇటుక జారింది, గంగాళం ఒరిగింది. ఇటుకలు పెట్టించింది మీరా, కాదా?”

వసారాలో గాలి ఆగినట్టయింది. అనసూర్య రెండు గుప్పిళ్లూ బిగించింది.

“కొట్టు తమ్మీ” అంది పళ్ల బిగువున. “ఇంకోటి కొట్టు.”

“తాగని మనిషిని తాగుబోతని రాసిండ్రు” అన్నాడు వెంకట్రాజం. “కల్లు మూతికి తాకియ్యని మనిషిని!”

సారంగపాణి నుదుటి మీద చెమట మెరిసింది. అనసూర్య ఇన్నేళ్లు కలలో చూసింది ఇదే. ఈ చెమటే. టీవీ పెట్టె ఇంకా పెద్దదైతే బాగుండుననిపించింది.

“తుడుచుకో బిడ్డా, తుడుచుకో. ఎన్నిసార్లు తుడుచుకుంటవో నేనూ చూస్త” అంది పైకే. ఆడవాళ్లు ఈసారి ఆమెతో కలిసి నవ్వారు.

సారంగపాణి తుడుచుకున్నాడు. తొందరేమీ లేకుండా రుమాలు మడిచి జేబులో పెట్టాడు. శాలువా సర్దుకున్నాడు.

“వెంకట్రాజం గారూ, విచారణ జరిగిన నాడు మీరేం చెప్పారు? ఆ సమయంలో షెడ్డులోనే లేనన్నారు కదా? లేని మనిషికి ఇటుకలు ఎట్లా కనబడ్డాయి?”

వెంకట్రాజం చూపు తెల్లచీర ఆమె వైపు పోయింది.

“ఇక ఆయన తాగలేదన్న మాట. ఆ సంగతి నేను చెప్పడమెందుకు? లింగమూర్తి గారే చెబుతారు” అని సారంగపాణి జేబులోంచి ఒక కాగితం తీశాడు. “పది రోజుల కింద స్వయంగా రాసి ఇచ్చారు. ‘ఆ దినం నేను కల్లు తాగి పనిలోకి వచ్చిన మాట నిజం. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.’ కింద సంతకం.”

కెమెరా కాగితం దగ్గరికొచ్చింది. అక్షరాలు పెద్దవై తెరంతా నిండాయి.

సంతకంలో ‘ల’ అడ్డంగా పడుకుంది. చివరి ‘ర్తి’ తోక కిందికి జారి, మళ్లీ పైకి లేచింది. ఆ తోకను అట్లా పైకి లేపడం నేర్పింది అనసూర్యే. కట్లు విప్పాక మూడు నెలలు పలక ముందు పెట్టుకుని, ఆయన ఎడమచెయ్యి తన చేత్తో పట్టుకుని దిద్దించింది. ఆ సంతకం పెట్టగలిగే మనిషి లోకంలో ఇంకొకడు లేడు.

మల్లవ్వ ముందుకు వంగింది. “అనసూర్యా, అది లింగన్న దస్కతేనా?”

అనసూర్య ఆ తోకనే చూస్తోంది.

“మొగడు తాగలేదని ఈమె మొగిలమ్మ తల్లి గద్దె ముందట ప్రమాణం గుడ చేసె గదా” అని వెనక నుంచి ఎవరిదో మెల్లని గొంతు. దాని వెంట సన్నని నవ్వు.

అనసూర్య లేచి నిలబడింది. చీర కొంగు ఎవరి కాలి కిందో చిక్కుకుంటే, తిరిగి చూడకుండా విసురుగా లాక్కుంది. నడుచుకుంటూ వాకిలి దాటింది. ఆమె వెనక టీవీలో సారంగపాణి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో లింగమూర్తి కండె చుట్టడం ఆపలేదు. ఆమె రాట్నం చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

“ఎప్పుడు పెట్టినవు?”

లింగమూర్తి కండె తీసి పక్కన పెట్టాడు.

“నిన్నే అడుగుతాన. ఎప్పుడు పెట్టినవు దస్కత్?”

“నువ్వు మగ్గం మీద ఉన్నప్పుడు.”

“నేను మగ్గం మీద ఉంటి. నీ జాగల కూసుని, నీ పంజా పట్టుకుని, నడుములు ఇరగ్గొట్టుకుంట నేనుంటి. నువ్వు పోయి వానికి దస్కత్ పెట్టిస్తివి. నేను నేర్పిన చెయ్యితోనే పెడ్తివి! వాడు నీకేమిచ్చిండు? చెప్పు, ఏమిచ్చిండు?”

లింగమూర్తి కళ్లు ఒక్కసారి కూతురి వైపు పోయి, వెనక్కి వచ్చాయి. ఆ చూపు ఈసారి అనసూర్యకు అర్థమైంది.

“ఓహో” అంది. “బిడ్డ కొలువు.”

“నాయినా!” అంది విమల. ఆమె ముఖం పాలిపోయింది. “దస్కత్ పెట్టొచ్చినవని నాకు చెప్పినవు గని, నా కొలువు గురించని చెప్పలేదు గదా! నేను పరీక్ష పాసయ్యే చేరిన. నలుగుర్ల నాకే ఎక్కువ మార్కులొచ్చినయి.”

“పాసయితివి బిడ్డా. కొలువు పక్కా చేసుడు మాత్రం ఆయన చేతుల ఉన్నది.”

“దస్కత్ సంగతి నీకు ముందుగాల్నే తెలుసా?” అని అనసూర్య కూతురి మీదికి తిరిగింది. “తెలిసి, నన్ను ఆ మంది నడుమకు తోలిస్తివి?”

“చెప్తే ఊకుంటవా నువ్వు? బజారుకెక్కుతవు. అమ్మా, ఏడేండ్ల సంది ఈ ఇంట్ల అన్నంతోటి సారంగపాణినే తింటానం. కూర మంచిగయితే సారంగపాణి, చెడితే సారంగపాణి. నాకు ఒక్క బుక్క వేరేది కావాలె. అందుకే చెప్పలేదు.”

అనసూర్య చెయ్యి లేచింది. సగంలో ఆగింది. కొట్టలేక దించలేక ఆ చెయ్యి అట్లాగే గాల్లో ఉండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

“అక్కా!” అంటూ వెంకట్రాజం లోపలికొచ్చాడు. టీవీలో తన ముఖం చూసుకుని నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు. రొప్పుతున్నాడు. “ఏం ఫికర్ జెయ్యకు. టీవీల ఆ ముక్క తీసేస్తరనుకుని నీకు చెప్పలే. ఆ కాయితం ఉల్టా ఆయన మెడకే సుట్టుకుంటది. బావా, ఇప్పుడే ఇంకో కాయితం రాయి. బెదిరిచ్చి పెట్టిచ్చుకుండ్రని రాయి. రేపు పొద్దుగాల మెంబర్ల మీటింగుల అక్క మైకు పట్టుకుని సదివితే సారంగపాణి పని ఖతం.”

లింగమూర్తి తల ఎత్తాడు. ఇంత సేపటికి ఇప్పుడు ఆయన ముఖంలో కోపం కనబడింది. పాత కోపం, ఎక్కడో అడుగున పెట్టి మూత వేసింది.

“రాస్త” అన్నాడు. “బెదిరించలేదు, అడిగిండు. నేను ఉన్నదే రాసిచ్చిన. ఇప్పుడు గుడ ఉన్నదే రాస్త. ఆ దినం కల్లు తెచ్చింది ఎవలో అది గుడ రాయాల్నా, రాజం?”

వెంకట్రాజం చూపు గోడల మీద తిరిగింది.

“బావా, ఇప్పుడా ముచ్చటెందుకు...”

“ఏ ముచ్చట?” అంది అనసూర్య.

“ఈయనకు కొడుకు పుట్టిండని షెడ్డుకు కల్లు తెచ్చిండు” అన్నాడు లింగమూర్తి. “నేనొద్దంటే, కొడుకు పుట్టిన సంతోషం, కాదనకన్నడు. తాగిన. గంగాళం ఒరిగినప్పుడు నా పక్కనే ఉండె. నేను మొత్తుకుంటాంటే కల్లు కుండ సంచిల పెట్టుకుని వెనక తలుపు నుంచి ఉరికిండు. ముందుగాల కుండ, తర్వాత మనిషి. మల్ల విచారణల నేను షెడ్డుల లేనన్నడు.”

“నా కొలువు పోతుండె అక్కా” అన్నాడు వెంకట్రాజం. “పసిపిల్లగాడు ఇంట్ల. భయపడ్డ. ఆ పాపం కడుక్కుందామనే ఇప్పుడు నిలబడ్డ.”

“కడుక్కుంటందుకు మా ఆయన చేతులే దొరికినయా?”

“అక్కా...”

“నువ్వు పో.”

“రేపు మీటింగుకు...”

“వస్త” అంది అనసూర్య. గొంతులో ఏ వేడీ లేదు. “తప్పకుంట వస్త. మైకు మంచిగ పనిచేసేటట్టు చూడు.”

ఆ మాటను ఎట్లా తీసుకోవాలో తెలియక అతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

అనసూర్య పీట లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది.

“నాకెందుకు చెప్పలేదు?” అంది.

“ఎప్పుడు చెప్పాలె? నాకు తెలివొచ్చి కండ్లు తెరిచేసరికి నువ్వు ప్రమాణం చేసొచ్చినవు. నా మొగడు తాగలేదని విచారణల చెప్పొచ్చినవు. నీ మాట అబద్ధమని నేనెట్ల అందు?” లింగమూర్తి తల ఎత్తి ఆమెను చూశాడు. “అయినా అనసూర్యా, నీకు తెల్వదా?”

ఆ ప్రశ్న ఆమె గుండెలో ఎక్కడో మేకు దిగినట్టు దిగింది.

తెలుసు. దవాఖాన మంచం మీద ఆయన మీదికి వంగినప్పుడు, కాలిన తోలు వాసన కింద, పూసిన మందు వాసన కింద, ఇంకొక వాసన ఆమె ముక్కుకు తగిలింది. పుల్లని వాసన. ఒక్క ఊపిరి. ఆ ఊపిరి లోపలికి పోయిన క్షణంలోనే ఆమె దాన్ని దవాఖాన వాసన అనుకుంది. అట్లా అనుకోవాలనే అనుకుంది. ఆ తర్వాత ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ మంచం దగ్గరికి ఆమె మనసులోనైనా తిరిగి పోలేదు.

“ఇటుకలు?” అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. “ఇటుకలన్నా నిజమేనా? సద్ది తెచ్చినప్పుడు నేను కండ్లార చూసిన గదా.”

“ఇటుకలు నిజం. మూడుసార్లు చెప్పిన సారంగపాణికి. తాగకున్నా ఆ గంగాళం ఒరుగుతుండె. నేను కాకపోతే ఇంకొకడు కాలుతుండె.”

ఆమె లేచింది. విమల ముందు ఆగింది.

“రేపు నువ్వు ఆఫీసుకు పో. నీ కొలువు నీ మార్కులది. ఎవలేమన్నా తల దించకు.”

“నువ్వేం చేస్తవమ్మా?”

“అడుగుత” అంది అనసూర్య.

మరునాడు పొద్దున సొసైటీ షెడ్డులో సభ్యుల సమావేశం. ఎన్నికకు ముందు అభ్యర్థులిద్దరూ ఆఖరిసారి మాట్లాడతారు. సభ్యులు అడగదల్చుకుంటే అడగవచ్చు. ఎన్నికల అధికారిగా వచ్చిన రాజేశ్వర్ రావు నడుమ కుర్చీలో కూర్చున్నాడు. అటు సారంగపాణి, ఇటు వెంకట్రాజం. టీవీలో కూర్చున్నట్టే కూర్చున్నారు, తెల్లచీర ఆమె ఒక్కతే లేదు.

అనసూర్య లోపలికి రాగానే గుసగుసలు పాకాయి. నిన్నటి నీలం చీర కాదు, మగ్గం మీద కట్టే పాత ముతక చీర కట్టుకుంది. కొంగుకు నూలు పీచు అంటుకుని ఉంది.

ఆమె ఏం చేస్తుందో తమకు తెలుసుననే ఇద్దరూ అనుకున్నారు. అక్క ఎంత కోపమొచ్చినా సారంగపాణి మీది పగ మాత్రం వదలదని వెంకట్రాజం ధైర్యం. మొగుడి కాగితం, బిడ్డ కొలువు రెండూ తన జేబులో ఉన్నాయని సారంగపాణి ధైర్యం. ఆమె మైకు దగ్గరికి నడుస్తుంటే అతను నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలాడు.

“రా చెల్లె, అడుగు. మనల మనకేమున్నది?”

“ముందుగాల మా తమ్మున్ని అడుగుత” అంది అనసూర్య. మైకు కీచుమంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చింది. “వెంకట్రాజం, గంగాళం ఒరిగిన దినం షెడ్డుకు కల్లు తెచ్చింది ఎవలు?”

షెడ్డులో ఒక్కసారిగా గోల లేచింది. వెంకట్రాజం కుర్చీలోంచి సగం లేచాడు. “అక్కా, నువ్వు ఎవలి దిక్కు మాట్లాడుతానవ్?”

“నీ దిక్కు కాదు.”

సారంగపాణి గట్టిగా నవ్వాడు. “అడుగు చెల్లె, ఇంకా అడుగు!”

“అడుగుత. ఇప్పుడు నిన్ను. ఆ స్టాండు కింద ఇటుకలు పెట్టించింది ఎవలు? ఇరిగిన కాలు బాగు చేయించుమని మా ఆయన మూడుసార్లు చెప్పిండా, లేదా?”

నవ్వు ఆగింది. అతని నాలుక పెదవి మీదికొచ్చింది. అది చూసి అనసూర్య ఆ పొద్దున మొదటిసారి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. పెదవి చివర మాత్రమే.

“ఆఫీసర్ సాబ్” అని సారంగపాణి అధికారి వైపు తిరిగాడు. టీవీ భాష మళ్లీ వచ్చింది. “ఈమె మాటకు విలువేమిటో ముందు తేల్చండి. తన భర్త తాగలేదని విచారణలో ఈమే ప్రమాణం చేసింది. భర్తేమో తాగానని రాసిచ్చాడు. ఏది నిజం? చెప్పు చెల్లె, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమా, అబద్ధమా?”

గోల అణగిపోయింది. ముందు వరసలో మల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అనసూర్యకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. తెలిసే వచ్చింది. మైకును ఇంకా దగ్గరికి లాక్కుంది.

“అబద్ధం” అంది.

మైకు ఆ మాటను షెడ్డు చివరి దాకా తీసుకుపోయింది.

“నా మొగని నోట్ల కల్లు వాసన నా ముక్కుకు తగిలింది. తగిలినంకనే పోయి ప్రమాణం చేసిన. ఆయన బద్నాం కావద్దని చేసిన. ఒక గిలాస కల్లు తాగిండు. దానికి ఆయన మీద ఏడేండ్లు ఉమ్మిండ్రు. ఇరిగిన స్టాండు మీద మసిలే గంగాళం పెట్టినోడు ఏడేండ్లు కుర్చీ మీద కూసున్నడు. నా అబద్ధం నేను ఒప్పుకున్న. మీ ఇద్దరిది మిగిలింది.”

సారంగపాణి లేచి నిలబడ్డాడు.

“విన్నారు కదా! విచారణలో అబద్ధపు సాక్ష్యం చెప్పిన సభ్యుల పేర్లు పట్టీలోంచి తీసేయాలని మన నిబంధనల్లోనే ఉన్నది. రాసుకోండి సాబ్. ఈమెకు రేపు ఓటు లేదు.”

రాజేశ్వర్ రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సభ్యుల పట్టీ దగ్గరికి లాక్కున్నాడు. పేజీలు తిప్పి ఒకచోట వేలు ఆనించాడు.

“చూడమ్మా” అన్నాడు మెల్లగా. “ఇప్పుడన్నది ఆవేశంలో అన్న మాటనుకుంటే నేను రాయను. రాస్తే మాత్రం విచారణ తేలేదాకా నీ ఓటు ఆగిపోతది. ఆలోచించుకుని చెప్పు.”

చివరి వరస నుంచి ఎవరో లేచిన చప్పుడైంది. లింగమూర్తి. ఏడేళ్లలో ఆయన ఆ షెడ్డులో కాలు పెట్టడం అదే మొదలు. కాలిన చెయ్యి పైకెత్తి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ ఓటు కోసం ఆమె ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిదిగిందో ఆయనకు తెలుసు.

ఆఫీసు గది గుమ్మంలో విమల కనబడింది. ఆమె తల దించుకుని లేదు.

అనసూర్య భర్తను చూసింది, కూతుర్ని చూసింది. అప్పుడు సారంగపాణి వైపు, వెంకట్రాజం వైపు తిరిగి, ఇద్దరినీ తనివితీరా చూసింది. అధికారి బల్ల దగ్గరికి నడిచి, తెరిచి ఉన్న పేజీ మీదికి వంగింది.

“రాసుకోండ్రి సారూ. అబద్ధం చెప్పినోళ్లల్ల నా పేరు పైన రాయండ్రి. కింద ఇంకో రెండు పేర్లకు జాగ ఇడిసిపెట్టండ్రి.”